ఆ మంగళవారం మారిన ముఖాలు

2022 నవంబరు. పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి ఏడు నెలలు నిండాయి. విశాఖపట్నంలో ప్రభుత్వ ఫిజియోథెరపిస్టుగా పదవీ విరమణ చేసిన నేను, అప్పట్లో ప్రతి శుక్రవారం అరకు వెళ్ళి అక్కడి ఒక చిన్న ఆసుపత్రిలో రోగులను చూసేవాణ్ణి. శుక్రవారం సంత. కొండమీది గ్రామాలవారు మిరియాలు, పసుపు అమ్ముకోవడానికి ఎలాగూ దిగివస్తారు కనుక, వైద్యం కోసం మరో రోజు పని మానుకోనక్కరలేదు.

నాకొక పాత అలవాటు ఉంది. రోగి ఏ బాధ చెప్పినా అది మొదలైన తేదీ అడుగుతాను. ‘ఈమధ్య’, ‘కొన్నాళ్ళుగా’ అనే మాటలను నేను రాసుకోను.

ఆ నెల రెండవ శుక్రవారం బుద్రి వచ్చింది. వయసు ముప్పై ఉండవచ్చు. పుట్టిన తేదీ అడిగితే తల అడ్డంగా ఊపింది.

“తేదీ తెల్దు సారూ. బుదారం పుట్టినాను. అందుకే బుద్రి.”

తేదీ లేకపోయినా వారం తెలిసిన మనిషి. నాకు కొంత తృప్తి కలిగింది. జబ్బు మొదలైన రోజును కూడా అంత కచ్చితంగానే చెప్పింది. అంతకు పది రోజుల ముందు, మంగళవారం ఉదయం, అంబలి తాగుతుంటే నోటి కుడి మూల నుంచి కారిపోయిందట.

డాక్టరు పరీక్షించి, ఇది మెదడుకు వచ్చిన పక్షవాతం కాదని నిర్ధారించి, మందులిచ్చి నా దగ్గరకు పంపారు. దీనిని ఫేషియల్ పాల్సీ అంటాము. ముఖం కండరాలను కదిలించే ఫేషియల్ నెర్వ్ ఒకవైపు వాచి పనిచేయడం మానుతుంది. కనుబొమ్మ లేవదు, కన్ను మూతపడదు, పెదవి జారిపోతుంది. కదలికను మేము ఆరు గ్రేడ్లుగా కొలుస్తాము. ఒకటి మామూలు ముఖం, ఆరు బొత్తిగా కదలనిది. బుద్రిది ఐదు.

అద్దం ముందు చేయవలసిన వ్యాయామాలు ఆ రోజే నేర్పాను. మరుసటి శుక్రవారం ఆమె వెంట నలభై దాటిన ఒక స్త్రీ వచ్చి, గుమ్మం బయట మెట్టుమీదే కూర్చుండిపోయింది. ఇంట్లో వ్యాయామాలు చేయించేవారు కూడా నేర్చుకోవాలి కనుక ఆమెను లోపలికి పిలవమన్నాను.

“ఆవిడొద్దు సారూ,” అంది బుద్రి. “మా ఆడపడుచు సొంబారి. నన్ను సూసి నవ్వుతాది. ఆవిడికి పొయ్యి వేరు పెట్టీమని మా ఆయనకి సెప్పీసినాను. మూడు రాళ్ళూ తెచ్చి వసారాలో పడీసినాడు.”

సొంబారి భర్త పోయాక తమ్ముడి ఇంటికి తిరిగివచ్చిన మనిషి. తొమ్మిదేళ్ళుగా వదినా మరదళ్ళు ఒకే పొయ్యిమీద వండుకుంటున్నారు. పొయ్యి వేరైతే ఆమె వెళ్ళడానికి మరో ఇల్లు లేదు.

“ఏమన్నదమ్మా?”

“నీ మూతి సూసి కోతులు కాఫీ పళ్ళు ఒగ్గీసి పారిపోతన్నాయి, మనకి కాపలా తప్పినాది అన్నాది.”

నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. “ఇదివరకు ఇలాంటివి అనేది కాదా?”

“ఎందుకనదు? వదిన కదా! నేనూ అనీదాన్ని. అప్పుడు ఆవిడి మొకం వేరు. ఇప్పుడు నిజంగా ఎక్కిరిత్తన్నాది. సూత్తే తెలీదేటి?”

“ఎప్పటి నుంచి?”

“ఆ మంగళారం కాడినుంచి.”

“ఇంకెవరైనా అలా చూస్తున్నారా?”

“అందరూను. ఉప్పమ్మీ కొట్టాయన, కాఫీ కోతకొచ్చిన ఆడోళ్ళు.” ఆమె గొంతు తగ్గింది. “మా గుంట కూడాను.”

“పాపకు ఎన్నేళ్ళు?”

“నాలుగు.”

నేను కలం కింద పెట్టాను. వంకరపోయిన ముఖాన్ని చూసి కొట్టాయన నవ్వి ఉండవచ్చు, కోతకు వచ్చినవారిలో ఎవరో గుసగుసలాడి ఉండవచ్చు. కాని నాలుగేళ్ళ బిడ్డ కూడా తల్లిని ఎగతాళి చేస్తుందా? ఊరందరి ముఖాలూ ఒకే మంగళవారం మారిపోవడం జరిగే పని కాదు. ఆ రోజు మారినట్టు రుజువున్న ముఖం ఒక్కటే. అది నా ఎదురుగా ఉంది.

ఎదుటివారు నవ్వితే, మన ముఖం కూడా పైకి కనిపించనంత కొద్దిగా ఆ నవ్వును అనుకరిస్తుందనీ, వారి మనసును పోల్చుకోవడానికి ఆ కదలిక కొంత సాయపడుతుందనీ కొందరు పరిశోధకులు అంటారు. అందరూ ఒప్పుకోలేదు. నేనూ అంతవరకు దానిని పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం ఒక చిన్న పరీక్ష చేయాలనిపించింది.

బుద్రిని బతిమాలి సొంబారిని లోపలికి పిలిచాను. మాట లేకుండా, ముఖంతో మాత్రమే కోపం, దుఃఖం, నవ్వు చూపించమన్నాను. కోపాన్ని బుద్రి గుర్తుపట్టింది. దుఃఖాన్ని అలక అంది. నవ్వును చూడగానే తల తిప్పుకుని, “అదిగో, ఎక్కిరింత,” అంది. నేను చూసినది మాత్రం, మరదలిని నవ్వించాలని భయంభయంగా ప్రయత్నిస్తున్న ఒక మామూలు నవ్వు.

తరువాత బుద్రి కళ్ళమీద తువ్వాలు కప్పి, కోతుల మాట మళ్ళీ అనమన్నాను. సొంబారి వెనకాడింది.

“మళ్ళీ తిట్టించుకోమంటారేటి బాబూ?”

“అనమ్మా.”

“ఒలే మరదలా, నీ మూతి సూసి కోతులు...”

మాట పూర్తికాక ముందే తువ్వాలు కింద బుద్రి పెదవి ఎడమ కొన పైకి లేచింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. గొంతులోని సరసం ఆమెకు అందింది. ముఖంలోనిదే అందడం లేదు.

నాకు తోచినంత వివరంగా ఇద్దరికీ చెప్పాను. సొంబారి శ్రద్ధగా విని అడిగింది. “అయితే నేను మాటాడినప్పుడల్లా ఇది తువ్వాలు కప్పుకుంటాదేటి?”

“మరి మీరు హాస్యాలు కొన్నాళ్ళు మానకూడదా?” అన్నాను.

“మానీసినాననుకో బాబూ, పెద్ద రోగమే వచ్చీసిందని ఇది దిగులు పడిపోదా?”

అంతటితో ఆగలేదు. బుద్రి అరచేతిని లాక్కుని తన చెంపకు ఆనించుకుంది. “కంటితో నమ్మవు గదా, సేత్తో సూసుకో,” అని కోతుల మాట మూడోసారి అంది. చెంప అరచేతి కింద ఉబ్బింది. బుద్రి చాలాసేపు చేయి తీయలేదు.

నా పద్ధతి ప్రకారం అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. చెంపను పైకి లాగే కండరం ఒక్కటే, అది ప్రేమతో నవ్వినా, ఎగతాళిగా నవ్వినా ఒకేలా ఉబ్బుతుంది, అరచేతికి ఆ తేడా తెలియదు అన్నాను.

బుద్రి నావైపు తిరిగింది. “ఎక్కిరించీదయితే సెంప సేతికిత్తాదేటి సారూ?”

ఆ మాటను అలాగే రాసుకుని, కింద తేదీ వేశాను.

వ్యాయామాలు సాగాయి. డిసెంబరు చివరకు కన్ను మూతపడింది. ఫిబ్రవరిలో గ్రేడు రెండుకు వచ్చింది. అరచేయి వల్ల నెర్వ్ బాగుపడిందని నేను అనను. ఇలాంటి రోగులలో చాలామంది కొద్ది నెలల్లో కోలుకుంటారు. బుద్రికి ముఖాలు పోల్చుకోవడం తప్పిపోవడానికి తన కండరాలే కారణమో, నీరు కారే కన్నో, తన రూపం గురించిన బెంగో కూడా తేల్చలేను. ఒక్క రోగితో ఏదీ రుజువు కాదు.

చివరిసారి ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చున్నారు. పొయ్యి రాళ్ళ సంగతి అడిగాను.

“వసారాలోనే ఉన్నాయి బాబూ,” అంది సొంబారి. “ఒకటి నాకు, ఒకటి దానికి, ఒకటి గుంటకి. వాటిమీద కూకునే కాఫీ పళ్ళు ఏరుకుంటన్నాం.”

“పెద్దరాయి ఈవిడే తీసీసుకుంది,” అంది బుద్రి. “సిన్నదానిమీద కూకుంటే సగం మనిషి కింద కారిపోతాది మరి!”

సొంబారి కళ్ళెర్రజేసి, మూతి బిగించి మరదలివైపు తిరిగింది. నేను బుద్రి చేతిని గమనిస్తున్నాను. అది ఒడిలోనే ఉంది. ఆమె వదిన ముఖాన్ని కళ్ళతోనే చూసి, అది ఉత్తుత్తి కోపమని పోల్చుకుని, రెండు పెదవి కొనలతోనూ నవ్వింది.

అంతవరకు ఎన్నో ఏళ్ళుగా నేను రోగుల ముఖాలు కొలిచాను. ఎదుటివారి ముఖాలు ఆ రోగులకు ఎలా కనిపిస్తున్నాయో ఏనాడూ అడగాలని తోచలేదు. అది తోచేలా చేసిన ఆ వదినా మరదళ్ళకు నేను కృతజ్ఞుణ్ణి. ఇప్పుడు ఫేషియల్ పాల్సీతో ఎవరు వచ్చినా, గ్రేడు కొలవడానికి ముందే అడుగుతాను. ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని ఎలా చూస్తున్నట్టు అనిపిస్తోంది? కొందరు వింతగా చూస్తారు. కొందరి కళ్ళలో వెంటనే నీళ్ళు తిరుగుతాయి. అలాంటివారిని కాసేపు ఊరడించి, అప్పుడు అడుగుతాను, ఏ రోజు నుంచి అని.