ఉమ్మడి కంప్యూటరు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ రోజుల్లో చవకగా దొరకనిదంటూ లేదు. బేరం ఆడే ఓపిక ఉంటే ఫుట్‌పాత్ మీద చొక్కా కొని, దాంతోపాటు దుకాణదారుడి చొక్కా కూడా విప్పించుకుని రావచ్చు. చవకగా దొరకనిది ఒక్కటే, గేమింగ్ కంప్యూటరు. దాన్ని చవకలో కట్టబోయి నేను పెట్టిన ఖర్చు వింటే నిజాం నవాబు సమాధిలో లేచి కూర్చుని, "అంత నా ఖజానాల సుత లేకుండె బిడ్డా" అంటాడు.

అప్పటికి నాకు ముప్ఫై అయిదు దాటాయి. ఎల్బీ నగర్‌లో ఒక లారీ పార్సిల్ ఆఫీసులో బుకింగ్ క్లర్కుని. తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న కాలం. ఇవాళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి రోడ్డు మీదే వంటావార్పూ. లారీలు కదిలేవి కావు. ఆఫీసుకు తాళం పడగానే నేను దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసి, సగం దించిన షట్టరు కింద నుంచి ఇంటర్నెట్ సెంటర్‌లోకి దూరి, గంటకింత అని కట్టి కారు రేసు ఆడేవాణ్ణి. బయట రాష్ట్రమంతా ఆగిపోయి ఉంటే లోపల నా కారు మాత్రం రెండొందల స్పీడులో పోయేది.

ఒకరోజు పక్క క్యాబిన్‌లో ఒక మనిషి కనిపించాడు. నడి మే నెల. తలకు మఫ్లరు, కళ్ళకు నల్లద్దాలు. ఉగ్రవాదేమో అనుకున్నాను. తొంగి చూస్తే మా పై వాటా సారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే పెద్దమనిషి. ఆయన తెరమీదా కారే.

"ఏవండీ, మీరు నన్ను చూళ్ళేదు. నేను మిమ్మల్ని చూళ్ళేదు" అన్నారు గుసగుసగా.

"గంతేనంటరా సార్?"

"వెనక వరసంతా నా బ్యాచే బాబూ! నేనిక్కడ దొరికితే రేపు క్లాసులో నా మాట వినేవాడెవడు? ఇంట్లో ఒక మిషను ఉంటే ఈ మఫ్లరు బాధ ఉండేది కాదు."

ఆయనకూ నాకూ అప్పటికే మెట్ల మీద రోజూ యుద్ధం. తెలంగాణ రావాలని నేను, కలిసుండాలని ఆయన. పాల ప్యాకెట్టు కోసం దిగినవాళ్ళం ఆ పాలు తోడుకుని పెరుగై మజ్జిగయ్యేదాకా వాదించుకునేవాళ్ళం. కానీ కారు రేసు దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే కులం, ఒకటే ప్రాంతం. ఆ మధ్యాహ్నమే ఇద్దరం కలిసి కంప్యూటరు షాపుకి పోయాం.

"బడ్జెట్ ఎంత?" అన్నాడు షాపాయన.

చెప్పాను. ఆయన మాకు కుర్చీలు వేసి, చాయ్ తెప్పించాడు. చావు కబురు చెప్పేముందు మనిషిని కూర్చోబెడతారు చూడండి, అట్లా.

"గా పైసలల్ల డబ్బా ఒస్తది. డబ్బాకు నీలం లైటొస్తది. ఇంక గేమంటరా, మీరు కండ్లు మూసుకొని అనుకోవాలె."

అప్పుడు తెలిసింది గ్రాఫిక్స్ కార్డు మహిమ. తెరమీద బొమ్మ బొమ్మలా కనపడాలంటే ఆ కార్డు ఉండాలట. దాని ధర మా ఇంటి కిరాయిని మింగి, కరెంటు బిల్లుతో మూతి తుడుచుకునేట్టుంది. పైగా అది కొత్తల్లుడు లాంటిది, ఒక్కడే రాడు. అది తినే కరెంటుకు పెద్ద పవర్ సప్లై కావాలి. ఆ వేడికి ఫ్యాన్లు కావాలి. సమ్మెల దెబ్బకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి యూపీఎస్ కావాలి. బందుల వల్ల సరుకు రాక ధరలు పెరిగాయన్నాడు. ఉద్యమం మా వాళ్ళదే కాబట్టి నేను నోరెత్తలేదు. సారు మాత్రం నావైపు ఒక చూపు చూశారు.

ఒక్కడి వల్ల అయ్యే పని కాదని అక్కడే తేలిపోయింది. కార్డు, ర్యామ్, మానిటరు ఆయనవి. క్యాబినెట్టు, ప్రాసెసరు దాని ఫ్యానుతో సహా, పవర్ సప్లై, యూపీఎస్ నావి. మదర్‌బోర్డు చెరిసగం. ఎవరు జారుకున్నా ఇద్దరికీ కంప్యూటరు లేదు. ఆయనకు మళ్ళీ మఫ్లరు, నాకు మళ్ళీ గంటల లెక్కన కిరాయి.

మా ఆవిడ వాషింగ్ మెషీన్ కోసం దాచిన పైసలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇస్తున్నగని, అది నడువకుంటే నీ అంగీలు నువ్వే ఉతుక్కోవాలె. నా చీరెలు సుత నువ్వే" అంది. ప్రపంచబ్యాంకు కూడా అంత కఠినమైన షరతు పెట్టి ఉండదు.

ఇక ఎక్కడ పెట్టాలి? పైన పెడితే ఆంధ్రావాళ్ళు ఎత్తుకుపోయారంటాం. కింద పెడితే తెలంగాణవాళ్ళు గుంజుకున్నారంటారు. చివరికి మెట్ల నడుమ ఇంటి ఓనరు పాత పరుపులు పెట్టుకునే కొట్టుగది ఖాళీ చేయించాం. అది ఎవరి రాజ్యమూ కాదు.

కొత్త వస్తువు కదా, పూజ చేయించకుండా ఎట్లా? మా వైపు బండి కొంటే ముందు కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గరికి తీసుకుపోతాం. కారు నడిపే యంత్రం కూడా బండే కదా అన్నాను. లెక్కల సారు కాబట్టి ఎదురు చెబుతారనుకున్నాను. "అక్షరాలా బండేనండీ!" అని ఆయనే ముందు ఆటో ఎక్కారు.

కార్లూ బైకులూ వరసగా నిలబడ్డాయి. వాటి మధ్య ఒళ్ళో క్యాబినెట్టుతో మేమిద్దరం. పూజారి గారు మా దగ్గరకొచ్చి ఆగిపోయారు.

"బండేది?"

"ఇదే స్వామీ."

"దీని చక్రాలేవి?"

"లోపల తిరుగుతాయండీ" అన్నారు సారు, ఎంతో భక్తిగా.

పూజారి గారు ఆ సమాధానాన్ని ధర్మశాస్త్రాలన్నింటితోనూ సరిచూసుకున్నట్టు కాసేపు కళ్ళు మూసుకుని, సింధూరం బొట్టు పెట్టి పంపించారు.

ఇంటికొచ్చాక దిష్టికి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టాలి. మా ఆవిడ పచ్చిమిర్చి తెచ్చింది. "పచ్చిమిర్చి ఏం చాలుతుందండీ ఇంత ఖరీదైన సరుక్కి! మా ఊరి ఎండుమిర్చి కట్టండి" అని సారు పైకి పరిగెత్తి గుప్పెడు తెచ్చారు. ఒక్కొక్కటీ నెత్తురు గడ్డకట్టినట్టు ఎర్రగా ఉంది.

"బయట కట్టుదామా?" అన్నాను.

"అబ్బే, దిష్టి ఎప్పుడూ ఖరీదైన వస్తువుకే తగుల్తుంది. ఖరీదైనది గ్రాఫిక్స్ కార్డు. అది లోపలుంది. కాబట్టి లోపలే కట్టాలి." బోర్డు మీద లెక్క చేసినట్టు మూడు మెట్లలో తేల్చేశారు. ఎక్కడా తప్పు దొరకలేదు. నేనే దారం పట్టుకున్నాను, ఆయనే ముడి వేశారు. ప్రాసెసరు ఫ్యానుకు సరిగ్గా బెత్తెడు దూరంలో దండ వేలాడింది. క్యాబినెట్టు పక్క మూత వేసి స్విచ్ నొక్కాం.

నీలం లైటు వెలిగింది. మా ఇద్దరి ఆడవాళ్ళూ చప్పట్లు కొట్టారు. ఫ్యాను గిర్రున తిరిగి, దారాన్ని నూడుల్సు లాగినట్టు లోపలికి లాక్కుంది. ఆ తర్వాత పిండిగిర్నీ చప్పుడొకటి వచ్చింది.

గుంటూరు మిర్చి పొడి ఎట్లా కొడతారో నేను మిల్లులో చూశాను కానీ ఇంత మెత్తగా కొట్టడం చూడలేదు. క్యాబినెట్టు వెనక జల్లెడలోంచి ఎర్రటి పొగ బుస్సున బయటకు వచ్చింది. మొదట సారు తుమ్మారు. తర్వాత నేను. తర్వాత మెట్లూ గోడలూ తుమ్మాయి. కళ్ళలోంచి కృష్ణ ఒకవైపూ గోదావరి ఒకవైపూ కారుతుంటే తడుముకుంటూ వీధిలోకి పరిగెత్తాం. మా వెనకే ఆ పొగ కూడా వచ్చింది.

వీధిలో ఎవడో అరిచాడు. "టియర్ గ్యాస్ ఇడిసిన్రురో!"

అంతే. ఫట్, ఫట్, ఫట్ అని షట్టర్లు పడ్డాయి. మా గల్లీ మూసుకుంది. పక్క గల్లీ మూసుకుంది. మెయిన్ రోడ్డు మీద చెప్పుల దుకాణం మూసుకుంది, లోపల ఒంటి కాలికి చెప్పు వేసుకుని చూస్తున్న గిరాకీతో సహా. సరూర్‌నగర్ చెరువులో చేపలు కూడా నీళ్ళ అడుగుకు పోయాయని నా నమ్మకం. అంత సంపూర్ణమైన బందు ఏ నాయకుడి పిలుపుకీ జరగలేదు.

పక్క హాస్టల్లోంచి పిల్లలు నినాదాలతో దూసుకొచ్చారు. రోడ్డు మధ్యన కళ్ళు ఎర్రబడి, మొహమంతా కన్నీళ్ళతో వగరుస్తూ నిలబడ్డది తమ లెక్కల సారని గుర్తుపట్టారు.

"అరే, సార్ సుత ఉద్యమంల ఉన్నడురా! మన కోసం టియర్ గ్యాస్ తిన్నడురా!"

ఆ మనిషి దగ్గుతూ, చెయ్యి ఊపుతూ, కాదు కాదు అన్నారు. పిల్లలకు అది పిడికిలి ఎత్తినట్టు కనపడింది. అమాంతం భుజాల మీదికెత్తుకుని గల్లీ చివరిదాకా ఊరేగించారు. సమైక్యవాదిని జై తెలంగాణ నినాదాల మధ్య భుజాల మీద ఊరేగించిన ఘనత, నాకు తెలిసి, భూమండలం మీద మా గల్లీ ఒక్కదానికే దక్కింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు.

మర్నాడు సారు స్క్రూడ్రైవరుతో దిగారు.

"మీ ఫ్యాను మూలాన నేను ఉద్యమకారుణ్ణయ్యానండీ! మా ప్రిన్సిపాల్ పిలిచి సంజాయిషీ అడిగాడు."

"ఫ్యాను నాదే సార్. మిర్చి ఎవలది?"

"తిప్పింది ఎవరండీ?"

"కట్టింది ఎవలు?"

"అయితే ఎవరి సామాను వాళ్ళకే!"

"మేము సుత గదే అడుగుతున్నం గద ఇన్నొద్దుల సంది!"

కార్డు పైకి పోయింది. ర్యామ్ పోయింది. మానిటరు పోయింది. క్యాబినెట్టు, ప్రాసెసరు, యూపీఎస్ కిందికొచ్చాయి. మదర్‌బోర్డు దగ్గర పంచాయితీ మొదలైంది. చెరో కొస పట్టుకుని నిలబడ్డాం.

"ఇది మా గడప కాడ కొన్నది. మాకే రావాలె."

"అభివృద్ధి చేసింది మేమండీ! ర్యామ్ గుచ్చింది ఎవరు?"

ఆడవాళ్ళిద్దరూ వచ్చారు. సారు వాళ్ళావిడ, "వదినా, తాళం తెండి" అంది. మా ఆవిడ తెచ్చింది. మదర్‌బోర్డును కొట్టుగదిలోనే పెట్టి తాళం వేసి, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకున్నారు. దానితో ఇరుప్రాంతాలవారూ సమానంగా నష్టపోయారు.

ఆ తర్వాత మా ఇంట్లో అది కంప్యూటరు కాదు, నీలం లైటున్న స్టూలు. మా ఆవిడ దానిమీద తడిబట్టలు ఆరేసింది. అవి ఉతికింది నేనే. చీరకు ఇన్ని గజాలెందుకో అప్పుడే మొదటిసారి ఆలోచించాను. పైన సారు మానిటరు ముందు నిలబడి తల దువ్వుకుంటున్నారని తెలిసింది. ఏదీ చూపించని మానిటరు అద్దంగా బాగానే పనిచేస్తుందట. మెట్ల మీద ఎదురుపడితే వాదన కూడా లేదు. అదే నాకు కష్టంగా ఉండేది. వాదించని సారు ఉప్పులేని పప్పు.

మిగతా సగం నేనే కొనుక్కుంటానని ఒక సాయంత్రం ప్రాసెసరును సంచిలో వేసుకుని గుట్టుగా షాపుకు పోయాను. లోపల మఫ్లరు చుట్టుకుని ఒక మనిషి మదర్‌బోర్డు ధర అడుగుతున్నాడు.

ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. షాపాయన ఇద్దర్నీ చూశాడు. ఈసారి చాయ్‌తో పాటు బిస్కెట్లు కూడా తెప్పించాడు.

"ఇద్దరికి కలిపి చెప్తున్న, ఇనుండ్రి. సరుకు లేదు, ధర ఇంకా పెరిగింది. మీరు ఇడిపోతే ఒక్కటి కొన్నోళ్ళు రెండు కొనాలె. నాకు మస్తు లాభం. దండం పెడ్త, జల్ది ఇడిపోండ్రి."

సారు బిస్కెట్టు చాయ్‌లో ముంచి, అది విరిగి అడుగున పడేదాకా ఆలోచించారు.

"ఏవండీ, రాష్ట్రం సంగతి రాష్ట్రం చూసుకుంటుంది. మనకి విడిపోయే స్తోమత లేదు."

"నాక్కూడా లేదు సార్."

ప్రాసెసరు వేడెక్కి దానంతటదే ఆగిపోయింది తప్ప కాలిపోలేదని షాపాయన పరీక్షించి తేల్చాడు. కావలసింది ఒక్క ఫ్యాను. దాని ధర చెరిసగం వేసుకుని, ఆయన స్కూటరు మీద తెచ్చుకున్నాం. దారిపొడుగునా తెలంగాణ వస్తుందా రాదా అని అరుచుకుంటూనే వచ్చాం. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు సైతం మా వాదనలో చేరాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆడవాళ్ళు తాళం తీశారు. "ఏ దండలు కట్టొద్దు, మీకు దండం" అంది మా ఆవిడ. ఇరుప్రాంతాల సామానూ మళ్ళీ కలిసింది. తెరమీద మిలమిలా మెరిసే ఎర్రకారు వచ్చి నిలబడింది. టైర్ల మీద నీటిచుక్కలు కూడా కనపడుతున్నాయి. ఆ చుక్కల కోసమే కదా ఇంత ఖర్చు!

మొదట ఎవరు నడపాలి? మళ్ళీ స్క్రూడ్రైవరు వైపు చూపులు.

"మీరు యాక్సిలరేటరూ బ్రేకూ చూసుకోండి, స్టీరింగు నేను తిప్పుతాను" అన్నారు సారు.

ఒకే కుర్చీలో చెరో సగం కూర్చుని, ఒకే కీబోర్డు మీద చెరో చెయ్యి వేశాం. నేను యాక్సిలరేటరు మీద వేలు పెట్టి మళ్ళీ తియ్యలేదు. "బ్రేకండీ బాబూ, బ్రేకు!" అని ఆయన. "తిప్పుండ్రి సార్, ఎడమకు, ఎడమకు!" అని నేను. ఎర్రకారు రోడ్డు దిగింది, కంచె దూకింది, గాల్లో పల్టీలు కొట్టి నడిసముద్రంలో పడింది. నీళ్ళు మాత్రం అద్భుతంగా ఎగిరాయి, ఒక్కొక్క తుంపరా విడివిడిగా కనపడింది.

"ఆహా! ఇదండీ గ్రాఫిక్స్ అంటే!" అన్నారు సారు, కుర్చీలోంచి సగం జారిపోతూ.

ఆఖరిస్థానం మాదే. మళ్ళీ మొదలుపెట్టాం.