రాని ఉద్యోగానికి నేను చెప్పిన స్తోత్రం

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నాలుగేళ్ల కిందట ఇదే పత్రికలో నా ఫొటోతో సహా ఒక సాక్ష్యం అచ్చయింది, దేవుడు నాకు గ్రూప్ టూ ఉద్యోగం ఇచ్చాడని, అది చదివి మీలో కొందరు సంతోషంతో ఉత్తరాలు కూడా రాశారు, ఆ సాక్ష్యం అబద్ధం! నాకు ఆ ఉద్యోగం రాలేదు. ఆ అబద్ధంలోంచి దేవుడు నన్ను ఎలా బయటికి లాగాడో చెప్పడానికి మళ్లీ మీ ముందుకు వస్తున్నాను, ఇందులో నాకు మంచిపేరు తెచ్చేది ఒక్కటీ లేదు, కనుక మహిమ ఆయనకే.

నా పేరు సువార్త. మాది సిద్దిపేట వైపు పల్లె. యూనివర్సిటీలో ఎం.ఏ. అయిపోయి హాస్టల్ ఖాళీ చేయమన్నాక, తార్నాకలో ఒక ఇంటి మీద రేకుల గది తీసుకుని, నాతో చదివిన రజనితో కలిసి ఉండేదాన్ని. రజనిదీ మా వైపే, తండ్రి లేడు, తల్లి బీడీలు చుట్టి చదివించింది. ఆ రోజుల్లో మాలాంటివాళ్లు క్యాంపస్ నిండా ఉండేవాళ్లు, చదువు అయిపోయింది, ఊరికి పోదామంటే "ఇంకెప్పుడు కొలువొస్తది బిడ్డా" అని అడుగుతారు, అందుకని పొద్దున్నే ఏమీ తినకుండా లైబ్రరీకి పరుగెత్తడం, కుర్చీ మీద నోటుపుస్తకం పెట్టి జాగా ఆపుకోవడం, సాయంత్రం ఒక టీని ఇద్దరం పంచుకుని నోటిఫికేషన్ల గురించే మాట్లాడుకోవడం, ఇదే మా బతుకు. ప్రభుత్వ ఉద్యోగం కావాలనుకోవడం పాపమని నేను అనను, ఆకలిగొన్నవాళ్లం అన్నం అడిగాం, అంతే.

తార్నాకలో ఒక మేడమీది హాల్లో ఆదివారం మధ్యాహ్నం మా యువజన కూటం జరిగేది, రజని కూడా నాతో వచ్చేది. నడిపించేది ప్రకాశమన్న. మనిషి మంచివాడు, ఇప్పటికీ అదే అంటాను, కాని ఆయన కూటంలో ఒక అలవాటు ఉండేది. పరీక్ష రాసినవాళ్లు ఫలితం రాకముందే లేచి నిలబడి, ఉద్యోగం వచ్చేసిందని సాక్ష్యం చెప్పి అందరికీ మిఠాయి పంచాలి. అలా చెప్పినవాళ్లది గొప్ప విశ్వాసం, చెప్పనివాళ్లది అల్పవిశ్వాసం. నాకు ఇంటర్వ్యూ బాగా జరిగింది, పైగా అల్పవిశ్వాసి అనిపించుకోవడం నాకు ఇష్టంలేదు, లడ్డూల డబ్బా తీసుకుని వెళ్లి, నిలబడి, "దేవుడు నాకు కొలువిచ్చిండు, స్తోత్రం!" అన్నాను. అబ్బ, ఏం చప్పట్లు సహోదరులారా! ఆ సాక్ష్యాన్ని ఎవరో ఉత్సాహంగా రాసి పత్రికకు పంపారు, మా అలవాటు తెలియని పత్రికవాళ్లు నిజమే అనుకుని వేశారు.

ఫలితాలు వచ్చిన పొద్దున నాలుగురోడ్ల దగ్గర పేపరు దుకాణం ముందు నిలబడి నంబర్ల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయాను, నాకు ముందరి నంబరు ఉంది, తర్వాతి నంబరు ఉంది, నాది లేదు. నేరుగా ప్రకాశమన్న దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, "నోటితోటి ఒప్పుకోకు చెల్లే, గిది సైతాను లిస్టు, దేవుని లిస్టు ఇంకా రావాలె" అన్నాడు. నాకు ఊరట కలిగింది. నిజం చెప్పనక్కర్లేదని ఒక పెద్దమనిషి చెప్పాడు గదా అని కలిగిన ఊరట అది, దాన్ని నేను ఆయన మీదికి నెట్టను.

అప్పుడు రజని ఊళ్లో ఉంది, వాళ్లమ్మకు దగ్గు ఎక్కువైందని వెళ్లింది. తిరిగి వస్తూ నువ్వుల లడ్డూలు తెచ్చింది, గుమ్మంలోనే "ఆఫీసరమ్మా, నోరు తెరువు" అని ఒకటి నా నోట్లో పెట్టింది. "లిస్టుల నంబరొచ్చింది గదా?" అని అడిగింది. నోటి నిండా లడ్డూ ఉంది, తల ఊపాను.

ఆ మర్నాటి నుంచి ట్రైనింగని చెప్పి, తొమ్మిదింటికల్లా గంజి పెట్టిన చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరేదాన్ని. లైబ్రరీకి పోతే అందరూ ఎరిగినవాళ్లే, అందుకని సీతాఫల్‌మండి స్టేషన్‌లో బల్ల మీద కూర్చునేదాన్ని. రైళ్లు వచ్చేవి, పోయేవి. సాయంత్రం రెండు ఇళ్లలో ట్యూషన్ చెప్పి, అలసిపోయిన మొహం పెట్టుకుని గదికి వచ్చేదాన్ని, రజని చాయ్ పెట్టి ఇచ్చేది. నాలుగు నెలలు ఇలా బతికాను, ఇంత చదువు చదివి!

ఇంతలో రజనికి టీచరు పోస్టు ఆర్డరు వచ్చింది. వాళ్ల మండలంలోనే ప్రాథమిక పాఠశాల, నెలలోగా చేరాలి. నేనైతే ఎగిరి గంతేసేదాన్ని, ఆమె ఆ కాయితాన్ని మడిచి బైబిల్లో పెట్టి, "నీకు గంత పెద్ద కొలువిచ్చిన దేవుడు నాకు గీ చిన్నదిచ్చి ఊకుంటడా? గిది శోధన. నేను సుత గ్రూప్సే రాస్త" అంది. అప్పుడే ఆమె కాళ్ల మీద పడాల్సింది. నేనేమన్నానో తెలుసా? "ప్రార్థన చేసుకో" అన్నాను. అంత పవిత్రమైన మాటను నా పరువు కాపాడుకోవడానికి వాడుకున్నాను.

గడువు దగ్గరపడుతున్నకొద్దీ ఆ బల్ల మీద కూర్చుని నేనూ ప్రార్థన చేశాను. "ప్రభువా, నాకు చెప్పే ధైర్యం లేదు, నువ్వే ఏదో ఒక విధంగా రజనికి తెలియజెయ్యి, కాని నా పరువు పోకుండా తెలియజెయ్యి తండ్రీ" అని. గడువు చివరి రోజు ఏదో నాకు తెలుసు, ఆ రోజు కూడా నేను చీర కట్టుకుని డబ్బా పట్టుకుని వెళ్లాను. గడువు దాటిపోయింది.

ఎనిమిది రోజుల తర్వాత, కోఠిలో పాత గ్రూప్స్ పుస్తకాలు కొనుక్కుందామని కాచిగూడ రైలు కోసం రజని స్టేషన్‌కు వచ్చింది. పదకొండు గంటలకు డబ్బా మూత తీసి పెట్టుకుని నేను ఎదురుగా ఉన్నాను. ఆమె దగ్గరికి వచ్చి నా డబ్బా వైపు, నా గంజి చీర వైపు చూసింది.

"నీ ఆఫీసు గీడనేనా సువార్తా?"

అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"నా గడువెప్పుడో నీకెర్కనేనా?"

"ఎర్కనే."

రైలు వచ్చింది, ఆమె ఎక్కలేదు, వెనక్కి తిరిగి తార్నాక వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది. దేవుడు నా ప్రార్థనలో సగమే విన్నాడు, నా పరువు సంగతి వినలేదు, అందుకు ఆయనకు ఇప్పటికీ స్తోత్రాలు చెల్లిస్తున్నాను.

ఆ ఆదివారం కూటంలో లేచి, నాకు ఉద్యోగం రాలేదు, నేను అబద్ధమాడాను అని మొదలుపెట్టాను. ప్రకాశమన్న వెంటనే పాట ఎత్తుకున్నాడు, అందరూ చప్పట్లు కలిపారు, నా గొంతు ఎవరికీ వినబడలేదు. అప్పుడు వెనకనుంచి రజని లేచి, "ఆపుండ్రి! ఆమెను జెప్పనియ్యిండ్రి!" అని అరిచింది. పాట ఆగింది. నేను చెప్పాను, చివరిదాకా చెప్పాను, ఒక్క చప్పట్టు కూడా లేదు. మర్నాడు పొద్దున తొమ్మిదయ్యింది, నేను ఎక్కడికీ పోనక్కర్లేదు, పాత చీరలోనే గడప మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. విడుదల అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

కాని దానితో అన్నీ చక్కబడ్డాయని రాయలేను. రజని విద్యాశాఖ ఆఫీసు చుట్టూ అర్జీ పట్టుకుని తిరిగింది, గడువు దాటిందన్నారు. మళ్లీ పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకోవడానికి ఆమెకు రెండేళ్లు పైన పట్టింది, ఇప్పుడు రెండు బస్సులు మారి బడికి వెళుతుంది, ఆ రెండేళ్లూ వాళ్లమ్మ దగ్గుతూనే బీడీలు చుట్టింది. నేను ఒక ప్రైవేటు ఆఫీసులో టైపిస్టుగా ఉన్నాను. ఆ కూటంలో లడ్డూల అలవాటు ఇంకా నడుస్తున్నదట, నన్ను మాత్రం పిలవరు.

ఇది రాసే ముందు రజని దగ్గరికి వెళ్లి అనుమతి అడిగాను. ఆమె పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ తలెత్తకుండానే చెప్పింది. "రాయి. నేను క్షమించిన, దేవుని ముంగట చెప్తున్న. కాని ప్రార్థన చేసుకో అని ఇగ ఎవ్వలతోని అనకు."

కాబట్టి సహోదరులారా, ఆ మాట నేను మీతో అనను. మీ చేతిలో ఆర్డరు ఉంటే ఈరోజే వెళ్లి చేరండి, దేవుడు చిన్న బడిలో కూడా ఉంటాడు. మీ నోట్లో అబద్ధం ఉంటే ఎవరికి చెప్పారో వాళ్ల దగ్గరికి ఈరోజే వెళ్లండి, ఆయన మీతో వస్తాడు, ఈ విషయంలో ఆయనను పూర్తిగా నమ్మండి. నా కోసం ఆయన ప్రతి పొద్దునా ఆ బల్ల దగ్గరికే వచ్చాడు. ఆలస్యం చేసింది నేను.