మామ్మ అడిగిన కుండ

బడి మానేశాక నాకు చదువు చెప్పింది గ్రంథాలయమే. నిన్న అక్కడ కుండల బట్టీల మీద ఒక పుస్తకం దొరికింది. మండుతున్న బట్టీలో సోడా ఉప్పు చల్లితే మట్టికి గాజుపూత పడుతుందట. అందులో మెరుస్తున్న కుండ బొమ్మను చూస్తుంటే, శ్రీకూర్మం దగ్గర మా పెరట్లో నాన్న పేర్చే ఆవం గుర్తొచ్చింది. దానికి సోడా లేదు. పిడకలు, గడ్డి, పైన మెత్తిన బురద, అంతే.

నా చిన్నప్పుడు ఒక ఏడు మామ్మ మంచం పట్టింది.

"ఒరే, నా కుండ నువ్వే సెయ్యి. కొన్న కుండతో నన్ను పంపకు" అంది నాన్నతో.

పంపడమంటే అత్త వాళ్లింటికి కాబోలనుకున్నాను. నాన్న కుండ చేసి ఆవంలో పెట్టాడు.

ఆవం విప్పి, కుండలు చల్లారగానే నేను దాన్ని నీళ్లతో నింపి మామ్మ దగ్గరికి మోసుకెళ్లాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటే, అప్పుడే తెచ్చీసినావా?" అని మామ్మ నవ్వింది. అందులోంచే తాగి, "సల్లగా ఉన్నాదే" అంది.

ఆ సాయంత్రమే నాన్న మళ్లీ మట్టి తొక్కడం మొదలుపెట్టాడు. ఎంగిలైన కుండ చితి దగ్గరికి పనికిరాదని నాకేం తెలుసు? మామ్మకు అంత నచ్చిందా అని సంబరపడి, నేనూ ఆయన పక్కన దిగి తొక్కాను.