మామా నెంబరుకి చేసిన ఫోను

ఏళ్ల తరబడి దీన్ని గుండెల మీద మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే నోరు పెగులుతోంది.

కువైట్‌లో ఒక ఆరోగ్య పరిశోధనలో నర్సుని. ఇక్కడ ఉండే ప్రతి మనిషీ ప్రభుత్వంవారి సివిల్ ఐడీ రిజిస్టర్లో ఉంటాడు. అందులోంచి పేర్లు తీసి, రక్తం పరీక్షించి, ఫలితం ఫోన్లో చెప్పడం మా పని. మా డాక్టర్లకు ఆ రిజిస్టరు దైవవాక్కు. పనిమనుషుల పేర్ల పక్కనుండేది వాళ్లు మామా అని పిలిచే యజమానురాలి నెంబరని వాళ్లకు తెలీదు, తెలుసుకునే తీరికా లేదు. నాకు తెలుసు. తెలిసీ చేశాను కాబట్టి వాళ్లకంటే నీచురాలిని.

సువార్తది కోనసీమ, మా పక్క ఊరే. ఇక్కడ హవల్లీ అనే పేటలో ఒక ఇంట్లో పని. రక్తం తీస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"మామా నెంబరుకి మాత్రం చెయ్యకండక్కా. జబ్బని తెలిత్తే ఇంటికి తోలేత్తారు. నా ఫోను దాసుకున్నాను, శుక్రవారం సెలవు కదా, చర్చి కాడ ఆన్ చేత్తాను. అప్పుడు చెప్పండి, ఇక్కడే ఆసుపత్రిలో సూపించుకుంటాను."

"అలాగేలేమ్మా" అన్నాను.

కిడ్నీలు పాడవుతున్నాయని మంగళవారం తెలిసింది. శుక్రవారం దాకా ఆగలేనా? ఆగొచ్చు. కానీ గురువారానికి ఫోన్లన్నీ పూర్తిచేస్తే పెద్ద డాక్టరు మెచ్చుకుంటాడు. ఏపాటి మెచ్చుకోలు అది? తల ఎత్తకుండా విసిరే ఒక "గుడ్". దానికోసం రిజిస్టర్లో ఉన్న నెంబరు నొక్కాను. మీ పనిమనిషిని కిడ్నీ డాక్టరుకు చూపించండని అరబ్బీలో ఎంతో వినయంగా చెప్పాను. "ఖలాస్" అని, ఇక దాంతో పని లేదన్నట్టు ఫోను పెట్టేసింది మామా. నాకు అర్థమైంది. అర్థం కానట్టు తర్వాతి పేరుకు వెళ్లాను.

శుక్రవారం సువార్త చర్చికి రాలేదు. అప్పటికే విమానం ఎక్కించేశారు. కొన్ని నెలలకు అదే చర్చిలో ఆమె పిల్లల కోసం ప్రార్థించమన్నారు. డయాలసిస్ కోసం కాకినాడకు తిరిగి తిరిగి ప్రాణం వదిలిందట. నేనూ మోకరించాను. సిగ్గులేని జన్మ.

రిజిస్టర్లో మాత్రం ఆమె "దేశం విడిచి వెళ్లారు", అంతే. జబ్బుపడ్డవాళ్లను ఇలా సాగనంపితే మిగిలేది ఆరోగ్యవంతులే కదా! పనిమనుషుల ఆరోగ్యం భేషుగ్గా ఉందని మా పెద్ద డాక్టరు వైద్యుల సభలో ప్రకటించాడు. సూట్లు తొడుక్కున్న పండితులు చప్పట్లు కొట్టారు. వెళ్లిపోయినవాళ్లు ఏమయ్యారని ఒక్కడూ అడగలేదు. వెనక వరసలో కూర్చుని నేనూ కొట్టాను.

నన్ను క్షమించకండి. క్షమిస్తే మీ మీద కూడా గౌరవం పోతుంది. చెప్పాను, కాస్త ఊపిరాడుతోంది. సువార్త దేశం విడిచి వెళ్లలేదు. నేను పంపించాను.