ఎండిన చెరువుల పందెపు బాట

నేను చెప్పేదాంట్ల రవ్వంత అబద్ధం లేదు. ఉంటే నా సైకిల్ చెయిన్ నా మెడకే చుట్టుకోవాలె.

చొప్పదండి అవతల మా ఊళ్లె సైకిలున్నోళ్లం ఇద్దరమే: నేను, మగ్గం నేసే ఇంటి దోస్తు. వాడు బట్టల మిల్లు పనికని బొంబాయి పోయి, ఒకసారి సెలవుకు వచ్చి, అక్కడ చూసిన పందెపు బాట ముచ్చట చెప్పిండు.

"గిన్నె లెక్క ఉంటదిరా. మలుపు కాడ అంచు గోడ లెక్క లేస్తది. జోరుగ పోతే చక్రం అతుక్కుంటది. జర నెమ్మదిస్తివో, జారి కింద పడ్తవు. నువ్వొకటి కట్టు బే. మిరుగం కార్తె వానలు పడకముందే వస్త, ఇద్దరం పందెం పెట్టుకుందాం."

తన సైకిల్ నా దగ్గర విడిచిపెట్టి బస్సెక్కిండు.

ఆ ఎండకాలం ఎండిన చెరువుల ఒక్కన్నే మన్ను తవ్వి పోసిన. నాకు తెలిసిందల్లా కల్లం చెయ్యుడు. వాననీళ్లు బయటికి పోవాలని కల్లాన్ని నడుమ ఎత్తుగ, అంచులు వాలుగ చేస్తం. నా చేతులు బాటను గూడ అట్లనే చేసినయ్. పేడతోని అలికి, తొలి మలుపు తిరిగిన్నో లేదో, సైకిల్ నన్ను బయటికి తీస్కపోయి తుమ్మకంపల పడేసింది.

సద్ది తెచ్చిన మా అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకొని చూసింది. "కల్లం మంచిగున్నది బిడ్డా. వడ్లేవి?"

అంతా తవ్వి, ఈసారి అంచు ఎత్తుగ, లోపలి దిక్కు పల్లంగ చేసిన. పందెం మొదలయ్యేటప్పుడు వెనుకనుంచి సీటు పట్టుకునేటోడు ఒకడుండాలని దోస్తు చెప్పిండు. నాకెవరున్నరు? తుమ్మచెట్టుకు ఒరిగి ఎక్కేది. తొక్కంగ తొక్కంగ ఎంత జోరైందంటే, ముందు ఎవడో పోతుండు. చెమటకు అతుక్కున్న అంగీ, భుజం కాడ అవ్వ వేసిన మాసిక. నా వీపే! అందుకుందామని తొక్కితే అదీ జోరు పెంచింది.

వానలకు ముందు దోస్తు రానే వచ్చిండు. బస్సు దిగి సీదా చెరువుకే. బాట చూసి "అబ్బ, పాడుగాను!" అన్నడు. పందెంల నన్ను చక్రమంత ఎడంతోని ఓడగొట్టి, పడిపడి నవ్విండు. తెల్లారి వాన పడ్డది. బాట మునిగింది.

మొదలే ఒట్టు పెట్టుకుంటి, ఇగ ఒప్పుకోక తప్పదు. దీంట్ల ఒక్కటే కల్పించిన. వీపు నిజమే. దోస్తే రాలే. నీళ్లొచ్చేదాక ఆ వీపు వెనుకనే తిరిగిన. వాడి సైకిల్‌ను తుమ్మచెట్టు కింద ఉంచి, పొద్దున పొద్దున గాలి కొట్టేది.