ఒక్కటే సాయంత్రం టికెట్టు

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే మా వాడలో ఎవరో ఒకరు వచ్చి నన్ను అడుగుతారు. వాటర్ పార్కుకు పోతున్నాం, పగటి టికెట్టు సరిపోతుందా, ఇంకొన్ని పైసలు పెట్టి సాయంత్రం టికెట్టు కూడా తీసుకోవాల్నా అని. నన్నే ఎందుకు అడుగుతారంటే, నాకు లెక్కల మనిషినని పేరుంది. చదివింది ఏడో తరగతే. కానీ పెండ్లికి బియ్యం ఎంత, మటన్ ఎంత, చారులోకి చింతపండు ఎంత అన్నది నేను చెప్పాక వంటవాళ్ళు మారుమాట లేకుండా పొయ్యి వెలిగిస్తారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అన్నం మిగిలిన గంజులనూ, చాలక గీకిన గంజులనూ చూసి చూసి నేర్చుకున్నాను.

ఆ పనిలో నాకు ముందుగా తెలిసొచ్చింది ఒకటే. పిలిచినవాళ్ళు వేరు, తినేవాళ్ళు వేరు. ఎన్ని కార్డులు పంచారన్న లెక్కతో బియ్యం పోస్తే సగం అన్నం గోతిలో పోతుంది. బంతిలో కూర్చునేది ఎవరో, కూర్చున్నా రెండు ముద్దలతో లేచేది ఎవరో చూసుకోవాలి. టికెట్టుకు కూడా అదే లెక్క. పార్కు గేటు ఎన్ని గంటలు తెరిచి ఉంటుందన్నది మనకు పనికిరాదు. మన ఇంటివాళ్ళలో ఎవరు ఎంతసేపు నీళ్ళలో ఉంటారన్నదే పనికొస్తుంది. అట్లా చూస్తే పిల్లలకు సాయంత్రం టికెట్టు దండుగ. పొద్దంతా సంచుల దగ్గర కూర్చున్న మనిషి ఒకరుంటే, ఆ మనిషికి మాత్రం దండుగ కాదు. ఈ మాట నేను ఖాయంగా చెప్తాను. ఎవరైనా కాదంటే వాదిస్తాను కూడా.

మా మరిది గల్ఫ్ నుంచి లీవు మీద వచ్చిన ఎండాకాలం, రెండిళ్ళవాళ్ళం కలిసి బండి మాట్లాడుకుని బయలుదేరాం. మా ఆయన, నేను, మా అత్త, మరిది, అతని భార్య, రెండిళ్ళ పిల్లలు. అతని భార్య నాకు యారాలు, నాకంటే బాగా చిన్నది. ముందు బాసరలో గోదావరి స్నానం, వాళ్ళ చిన్నదానికి అక్షరాభ్యాసం, ఆ మరునాడు కరీంనగర్ దగ్గర నీళ్ళ పార్కు, ఆ తరువాత వేములవాడ. పార్కులోనే రూములున్నాయి. రూము తీసుకున్నవాళ్ళకు పగటి టికెట్టు అందులోనే కలిసి ఉంటుంది. అది విని మా ఆయన సంబరపడ్డాడు. కలిసి ఉన్నదంటే ఉత్తగ వచ్చిందని ఆయన లెక్క. నా లెక్క అది కాదు గానీ, అప్పుడు ఊరుకున్నాను.

పార్కులోకి పోగానే అందరూ తలో దిక్కు ఉరికారు. నేను గొడుగు లాంటి షెడ్డు కింద కూర్చున్నాను. లాకర్లు ఉన్నాయి. కానీ మా అత్తకు ఒకరి చేతిలో ఉన్న తాళం మీద నమ్మకం లేదు. పిల్లల బట్టలు, తువ్వాళ్ళు, ఫోన్లు, అత్త మందు గోలీల డబ్బా, మరిది పాస్‌పోర్టు ఉన్న తోలు సంచి, అన్నీ నా చుట్టూ చేరాయి. మా అత్త పక్కన తువ్వాల పరుచుకుని ఒరిగింది. పిల్లలు తడికాళ్ళతో వచ్చి నీళ్ళు తాగి మళ్ళీ ఉరికేవాళ్ళు. వట్టి కాళ్ళతో నడవలేనంతగా సిమెంటు కాలిపోతోంది. 

నేను కూర్చున్న చోటు నుంచి అలల కొలను సూటిగా కనిపించేది. సైరన్ మోగేది, జనం అరిచేవాళ్ళు, అటు చివర గోడ కింద నుంచి నీళ్ళు లేచి వచ్చేవి. కాసేపటికి అలలు ఆగిపోయేవి. మళ్ళీ సైరన్. పొద్దంతా అదే చూశాను. నాకూ దిగాలని ఉంది. చిన్నప్పుడు మా అన్నలు నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చుకునేటప్పుడు, వాళ్ళ అంగీలు పట్టుకుని గడ్డ మీద కూర్చున్నది నేనే. ఆడపిల్లవు, నీకెందుకు అన్నారు. అప్పుడు అడగడం తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

పొద్దు వాలుతుండగా మైకులో చెప్పారు. పగటి టికెట్టువాళ్ళు బయటికి రావాలి. చీకటి పడే వేళకు అలల కొలను, పాటలతో వాన డ్యాన్సు మళ్ళీ మొదలవుతాయి, దానికి వేరే టికెట్టు. పగటి టికెట్టులో సగానికి కొంచెం తక్కువ. చూడ్డానికి వచ్చేవాళ్ళు రెయిలింగు బయట కూర్చుంటే ఏమీ కట్టనక్కర్లేదు.

మరిది తల తుడుచుకుంటూ వచ్చాడు. "తీసుకుందామా వదినె, అందరికి? జర లెక్కజూసి చెప్పు."

చూశాను. సాయంత్రం జారుడు బండలు నడపరు, పిల్లలకు కావలసింది అవే. వాళ్ళ కండ్లు అప్పటికే ఎర్రబడ్డాయి, అన్నం ముందు కూర్చుంటే కునికేటట్టున్నారు. మా ఆయనకు మోకాలు పట్టేసింది. మరిది గల్ఫులో పొద్దంతా ఎండలో పనిచేసి, ఇక్కడ కూడా పొద్దంతా ఎండలో పిల్లలను మోసి, నిలబడే తూగుతున్నాడు.

"అందరికొద్దు" అన్నాను.

"గదే నేనంటున్న" అన్నాడు మా ఆయన. "నడువుండ్రి రూముకు."

"నాకొక్కదానికి తీస్త."

అందరూ నా దిక్కు చూశారు. మా అత్త లేచి కూర్చుంది.

"నీకా? నువ్వేం జేస్తవే?" అన్నాడు మా ఆయన.

"నీళ్ళల్ల దిగుత."

"నిన్ననే గోదాట్ల మునిగినవ్ గద. గవి నీళ్ళు కావా?"

"అది దేవునికి. గిది నాకు."

మా అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "పొద్దంత గీడనే కూసుంటివి. అప్పుడే దిగితే ఎవలొద్దన్నరు పిల్లా?"

"ఎవ్వలొద్దనలే అత్తా. సంచులెవలు జూస్తరని ఎవ్వలడగలే గూడ."

మా చిన్నవాడు బిస్కెట్ల పొట్లం కోసం నా ఒడిలో ఉన్న సంచి వెతుకుతున్నాడు.

"మరి గిప్పుడెవలు జూస్తరు?" అంది అత్త.

"నేను జూస్త" అంది యారాలు. "నేను మధ్యాహ్నం దిగిన కదా. అక్కను పోనియ్యుండ్రి."

మరిది పర్సు తీశాడు. "నేనిస్త వదినె."

"నువ్వు కడితే మీ అన్న వేములవాడ దాక సణుగుతడు. నా పైసలున్నయి."

ఉన్నాయి. పెండ్లి లెక్క చెప్పినందుకు ఇచ్చిన పైసలు నేను ఇంటి పైసలలో కలపను. ఆ అలవాటు మీద మా ఇంట్లో చాలాసార్లు మాటలు అయ్యాయి. ఆ రోజు కాలేదు. నేను కౌంటరు దగ్గరికి నడిచాను. లోపల ఉన్న పిల్ల నా వెనుక ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూసింది.

"ఒక్కటే టికెట్టా అమ్మా?"

"ఒక్కటే."

చీరతో దిగనివ్వరు. నైలాన్ డ్రెస్సు కిరాయికి ఇస్తారు. నాకు వచ్చింది ముదురు నీలం రంగుది, మోకాళ్ళ కిందికి ప్యాంటు, పొడుగు చేతుల అంగీ. బట్టలు మార్చుకునే గదిలో దాన్ని తొడుక్కుని నిలబడితే, పిక్కలకు గాలి తగిలి నేనే ఉలిక్కిపడ్డాను. పెండ్లయినప్పటి నుంచి నా పిక్కలు వాకిలి దాటి ఎరగవు. మరిది ముందు నుంచే నడిచిపోవాలి. చీర మళ్ళీ కట్టుకుని, తలనొస్తుందని చెప్పి రూముకు పోతే ఎవరూ తప్పు పట్టరు. తలుపు గడియ మీద చెయ్యి పెట్టి అంతా ఆలోచించాను. టికెట్టు వెనక్కి తీసుకోరని మాత్రం కౌంటరులో రాసి ఉంది. గడియ తీశాను.

మరిది నన్ను చూసీచూడనట్టు పక్కకు తిరిగి, ఫోనులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. అతని మర్యాద నాకు నచ్చింది. మా ఆయన మాత్రం పైనుంచి కిందిదాకా చూశాడు.

"పోలీసు ట్రైనింగుకు పోతున్నట్టున్నవ్."

"సెలెక్ట్ అయినంక చెప్త" అన్నాను.

యారాలు దగ్గరికి వచ్చి, నా పుస్తెలతాడును అంగీ లోపలికి వేసి, జారకుండా పిన్నీసు పెట్టింది. "ఫికర్ జెయ్యకు అక్కా. నువ్వు పో" అంది.

కొలనుకు మెట్లు లేవు, ఇసుక గడ్డలాగా నేల వాలుగా లోపలికి పోతుంది. పగలు కాలిన సిమెంటు అప్పటికి గోరువెచ్చగా ఉంది. నీళ్ళు మడమలకు, మోకాళ్ళకు, నడుముకు వచ్చాయి. నీళ్ళలో కలిపే మందు వాసన వేస్తోంది. అలలు ఇంకా మొదలు కాలేదు. ముక్కు పట్టుకున్నాను, కండ్లు మూసుకుని మూడుసార్లు మునిగాను. మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగి గడ్డకు నడిచాను.

నీళ్ళు పాదాల దాకా తగ్గాయి. రెయిలింగు మీద నుంచి యారాలు వంగింది. "అక్కా, అయిపాయెనా?"

అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. నీళ్ళలో దిగడమంటే నా ఒంటికి తెలిసింది అదొక్కటే. గోదావరిలో అయినా, వేములవాడ గుండంలో అయినా, మూడు మునుగులు, పొడిబట్టలు పట్టుకుని వెనుక ఒకరు, తడిబట్టలు పిండాలి, పిల్లలను పట్టుకోవాలి, తరువాతివాళ్ళకు జాగా ఇవ్వాలి. పనేమీ లేకుండా నీళ్ళలో నిలబడటం అన్నది నేను ఎన్నడూ చెయ్యలేదు. ఇంత కొట్లాడి టికెట్టు తీసుకుంటే, నా కాళ్ళు వాటంతట అవే నన్ను బయటికి తెచ్చేశాయి.

మా అత్త నవ్వి నవ్వి దగ్గింది. "లెక్కలదానా, ఒక్కో మునుగు ఎంతవడ్డదో చెప్పరాదే."

నిజం చెప్పాలంటే నేను అప్పటికే లెక్క కట్టాను. ఒక్కో మునుగుకు ఒక మటన్ భోజనం ఖరీదు పడింది. మా ఆయన కూడా నవ్వుతున్నాడు, ఇక వచ్చేస్తుంది అన్న ధీమాతో చెప్పులు తొడుక్కుంటున్నాడు. తడిబట్ట ఒంటికి అంటుకుని, గాలికి వణుకు పుట్టింది. అట్లనే బయటికి పోతే ఈ నవ్వు మా ఇంట్లో ఏండ్ల తరబడి ఉంటుంది. అయినా నాకు నవ్వు మీద కోపం రాలేదు. నవ్వవలసిన పనే చేశాను. వచ్చిన పని కాలేదన్నదే నన్ను పట్టి ఆపింది. వెనక్కి తిరిగి మళ్ళీ లోపలికి నడిచాను, ఈసారి ఛాతీ దాకా.

సైరన్ మోగింది. మొదటి అల నన్ను కూర్చోబెట్టింది. రెండోది ముక్కులోకి పోయింది. లేచి నిలబడేసరికి మూడోది వచ్చి మోకాళ్ళ మీద పడేసింది. గడ్డ మీద గార్డు విజిల్ ఊది, ఇటు రమ్మని చెయ్యి ఊపాడు. కొంచెం ఇటు వచ్చాను, బయటికి రాలేదు. పక్కన కాలేజీ పిల్లలు ఏదో పాట పాడుతూ ఎగురుతున్నారు. వాళ్ళను ఏ అల కూడా పడెయ్యడం లేదు. వాళ్ళకు తెలిసింది నాకెందుకు తెలియదని చూశాను. అల వచ్చి తగిలేదాకా నేను బిగుసుకుని నిలబడుతున్నాను. వాళ్ళు తగలకముందే లేస్తున్నారు.

అయితే అల ఎప్పుడొస్తుందో తెలియాలి. అది నాకు చేతనయిన పని. ఒక అల పోగానే మనసులో లెక్కపెట్టాను. మళ్ళీ పెట్టాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. యంత్రం తోస్తున్న అల, గోదావరి లాగా దాని ఇష్టానికి రాదు. నాలుగు అనుకుంటుండగా మోకాళ్ళు వంచి, ఐదుకు లేచాను. నీళ్ళు నన్ను ఎత్తుకున్నాయి. కాళ్ళ కింద నేల లేదు. ఒక్క క్షణం నా బరువు నా మీద లేదు. గంజులు, బిందెలు, పిల్లలు, ఏ మోతా లేకపోయినా నా ఒళ్ళు నేనే మోసుకోవాలి కదా, అది కూడా ఆ క్షణం లేదు. మెల్లగా మళ్ళీ కిందికి దించింది. నిలబడే ఉన్నాను.

ఆ తరువాత ఎన్ని అలలో చెప్పలేను. అవి నేను లెక్కపెట్టలేదు.

అలలు ఆగాక జనం వాన డ్యాన్సు దిక్కు పోయారు. నేను పోలేదు. లైట్లు వెలిగాయి. మా ఆయన రెయిలింగు దగ్గరికి వచ్చాడు.

"ఇగ చాలు, రా. మా అవ్వకు ఆకలైతుందట."

"తినుండ్రి. రూముల కాడి హోటల్ల వంట అయ్యే ఉంటది."

"నువ్వు లేకుంట పిల్లలకెవలు పెడుతరు?"

"చేతులున్నోళ్ళు."

వెనుక నుంచి మా అత్త గొంతు వినిపించింది. "అది రాదు గని, నువ్వు నడు కొడుకా. పైసలు వసూలయ్యేదాక లెవ్వదది."

"బంద్ జేసేదాక రాను అత్తా. సంచులు మీతోటే తీస్కపోండ్రి."

మా ఆయన రెండు సంచులు రెండు భుజాలకు తగిలించుకున్నాడు. ఒకటి జారింది, సర్దుకున్నాడు. ఇంకొకటి మరిది ఎత్తుకున్నాడు. యారాలు పిల్లలను ముందు పెట్టుకుని నడిచింది. వాళ్ళు రూముల దిక్కు మలుపు తిరిగేదాకా చూశాను. అంతలో సైరన్ మోగింది. నేను అటు చివర గోడకు ఎదురుగా తిరిగి, కాళ్ళు వదులు చేసుకుని నిలబడ్డాను.