మా నాన్నగారి పాటకు మరో దరువు

పోయిన వారం ఇక్కడ ఒమాన్‌లోని బౌషర్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళ్తుంటే మా అల్లుడి కారులో ఉన్నట్టుండి మా నాన్నగారి పాట వినిపించింది. నా పెట్టె తెరిచి క్యాసెట్ తీశాడేమోనని ముందుగా అతన్నే అనుమానించాను. ఫోన్ దానంతటదే పెట్టిందని అతను చెబితే నమ్మినట్టు తల ఊపాను గానీ, ఇంటికి రాగానే పెట్టె తాళం లాగి చూసుకున్నాను. ఈ గుణం వల్లే వయసులో ఉన్నప్పుడు ఒక మనిషికి అన్యాయం చేశాను.

అప్పట్లో ఇక్కడే వాడి కబీర్ అనే పేటలో ఒక గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. నేను కంపెనీలో స్టోర్ కీపర్ని. నాతో ఉన్న కడప సాయిబు క్యాసెట్ల దుకాణంలో పనిచేసేవాడు. చీటీ మీద పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇవ్వడం అతని డ్యూటీ. మన వయసు వాళ్లకు ఆ చీటీల సంగతి చెప్పనక్కర్లేదు. ఊళ్లో మా ఎస్టేటు పోయి, కుర్చీలూ గ్రామఫోనూ కూడా పోయాక నాకు దక్కింది ఒకే ఒక క్యాసెట్. నాన్నగారు మద్రాసులో చదువుకునే రోజుల్లో కొన్న అమెరికా నల్లవాళ్ల సోల్ పాటలు, రికార్డులు అమ్మేసే ముందు అందులోకి ఎక్కించి ఉంచారు. ఆ పాటలు మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేవని ఆయన అనేవారు. నేను దాన్ని ఆస్తి పత్రంలా నమ్మాను, క్యాసెట్‌ను తాళం వేసి దాచాను.

ఒక శుక్రవారం ఆ దుకాణంలోకి అడుగుపెట్టేసరికి అదే పాట మోగుతోంది. అవే మాటలు, అదే వరస, దరువు మాత్రం వేరు. దొంగిలించిన సైకిలుకు రంగు మార్చినట్టు గుర్తుపట్టకుండా ఏదో చేశాడనుకుని, సాయిబును జనం ముందే నిలదీశాను.

“ఏంది దొరా, పాటకు గూడా పట్టా ఉంటాదా మీ ఇంట్లో?” అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. నేరుగా దుకాణం యజమాని, మేం అర్బాబ్ అని పిలిచే ఒమానీ దగ్గరికి వెళ్లి, ఇతను నా పెట్టెలోంచి క్యాసెట్ తీసి, దాన్ని మార్చి అమ్ముతున్నాడని చెప్పాను. అర్బాబ్ మంచివాడే గానీ దొంగ అన్న మాట పడ్డ మనిషిని గల్లా దగ్గర ఉంచనన్నాడు. మర్నాటి సాయంత్రంలోగా నేను వచ్చి పొరపాటు పడ్డానంటే సరే, లేకపోతే దూరాన సహం ఊళ్లోని తన తోట పనికి అతన్ని పంపిస్తానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సాయిబు తన టేప్ రికార్డరును నా మంచం మీద పెట్టి, నా చేతనే తాళం తీయించి, ముందు నా క్యాసెట్, తర్వాత దుకాణం క్యాసెట్ వినిపించాడు.

“ఇది అమెరికా వాళ్లది. ఇది జమైకా వాళ్లది. ఆ దీవిలో అమెరికా రేడియో ఇని ఇని, ఆ పాటలే వాళ్ల దరువులో పాడుకున్యారు. దీన్ని రెగ్గే అంటారు. ఎవురూ మీ పెట్టె తెరవల్యా సామీ.”

నాన్నగారి పాటలో దరువు నాలుగు లెక్కల్లో మొదటి దానికే డ్రమ్ము గట్టిగా పడేది. జమైకా పాటలో ఆ మొదటి లెక్క ఖాళీగా వదిలేసి, మూడో లెక్క మీద దెబ్బ వేసేవారు. మధ్య సందుల్లో గిటారు చిన్నగా తెగి తెగి మోగేది. అమెరికాలోనే పుట్టిన ఫంక్ అనే రకం పాట కూడా ఒకటి వేసి, బేస్ గిటారును ముందుకు తెచ్చి పాటను నడిపించడం దీవివాళ్లు దాంట్లోంచి కూడా పట్టారని చూపించాడు. నన్ను నమ్మించడానికి ఆ జమైకా, ఫంక్ క్యాసెట్లు రెండూ ముందే సిద్ధం చేసుకున్నాడేమోనని అనుమానపడ్డాను. రెండో చరణానికి నాకు అర్థమైంది, అతను నిజమే చెబుతున్నాడు. వెళ్లి పొరపాటు పడ్డానని చెప్పడానికి అర్బాబ్ దుకాణం నడిచి పోయేంత దూరమే. కానీ అన్నీ పోయినా ఎవరి ముందూ తల వంచలేదని చెప్పుకునే వంశం మాది. సాయంత్రమైనా నేను మంచం మీదనుంచి లేవలేదు.

“పోనీలే దొరా, ఆడ తోటలో కోళ్లకు ఇనిపిస్తా,” అంటూ పెట్టె సర్దుకున్నాడు. సహం బండి ఎక్కి వెళ్లాక మళ్లీ ఎప్పుడూ కనపడలేదు. నేను వెతకనూ లేదు.

ఇప్పుడు ఏ పాట ఏ పాటలోంచి పుట్టిందో మా అల్లుడి ఫోన్ అరనిమిషంలో చెప్పేస్తుంది. దాని మాట నేను పూర్తిగా నమ్మను, కానీ ఈ విషయంలో అది సాయిబు చెప్పిందే చెప్పింది. క్యాసెట్ల దుకాణాలున్న వరసలో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఇంట్లో నలుగురం నాలుగు గదుల్లో, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని ఎవరి పాట వాళ్లం వింటున్నాం. కారులో తప్ప ఇక ఎవరిమీదా అనుమానపడాల్సిన పని లేదు. నాకూ సాయిబుకూ వచ్చినట్టు తగువు రావాలన్నా ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చుని ఒకే పాట వినాలి.